ఒకే జోడు, రెండు ల్యాబ్‌లు: సోల్ అతుకు బలం మా దగ్గర 4.8, వారి దగ్గర 3.1

తడ_శీను

మేము తోలు అప్పర్‌కు (బూటు పై భాగానికి) ఈవీఏ అనే నురుగు ప్లాస్టిక్‌తో చేసిన మిడ్‌సోల్‌ను జిగురుతో అతికించి సేఫ్టీ బూట్లు తయారుచేస్తాము. ఇటీవల పంపిన ఒక లాట్‌ను కొనుగోలుదారు బయటి ల్యాబ్‌లో పరీక్షింపజేయగా, అప్పర్‌కూ సోల్‌కూ మధ్య అతుకు బలం 3.1 న్యూటన్/మి.మీ. మాత్రమే ఉందని రిపోర్టు వచ్చింది. దాంతో లాట్ మొత్తాన్ని నిలిపివేశారు. వారు ఎడమ బూటును కోశారు. అదే జోడులోని కుడి బూటును మా ల్యాబ్‌లో లాగి చూస్తే 4.8 వచ్చింది. సేఫ్టీ బూట్ల భారత ప్రమాణమైన ఐఎస్ 15298 రెండో భాగం ప్రకారం కనీస విలువ 4.0 కాబట్టి మా లెక్కన అది పాస్, వారి లెక్కన ఫెయిల్. రెండు యంత్రాలకూ క్యాలిబ్రేషన్ పత్రాలు సక్రమంగానే ఉన్నాయి. కుడి కాలికీ ఎడమ కాలికీ ఇంత తేడా ఉంటుందంటే నేను నమ్మలేను, మా అంకెను కొనుగోలుదారు నమ్మడం లేదు. ఈ రెండింటిలో ఏది అసలైన అంకె?

జిగురు_జానకి

రెండూ అసలైనవే కావచ్చు. ముందు అంకెను పక్కన పెట్టి, అతుకు ఏ పొర వద్ద విడిపోయిందో చెప్పండి. మీరు పేర్కొన్న ప్రమాణంలోనే 4.0 వెంట ఒక మినహాయింపు ఉంది: సోల్ పదార్థమే చిరిగితే 3.0 వచ్చినా సరిపోతుంది. కాబట్టి 3.1 అన్న వారి అంకె, సోల్ చిరిగి ఉంటే పాస్ అవుతుంది, జిగురు వద్ద విడిపోయి ఉంటే ఫెయిల్ అవుతుంది. అతుకు ఎలా విడిపోయిందో రాసే గడి ఒకటి రిపోర్టులో ఉండాలి. అందులో ఏమని రాశారు?

తడ_శీను

జానకి గారూ, ఆ గడిలో ఒక అడ్డగీత మాత్రమే ఉంది. అయితే లాగిన ముక్కలను వారు కవరులో పెట్టి తిరిగి పంపారు. జిగురు పొర మొత్తం అప్పర్ వైపే నిలిచి ఉంది. దానిని కిటికీ దగ్గర వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే, జిగురు మీద తెల్లని, పలుచని పొర ఒకటి కనిపిస్తున్నది. గోటితో గీస్తే పొడిలా రాలుతున్నది. మిడ్‌సోల్ వైపు చూస్తే పెద్ద గుంటలేమీ లేవు, నున్నదనం మాత్రం పోయింది.

చెప్పుల_కొట్టు

నా కొట్టుకు వచ్చే వారెవ్వరూ న్యూటన్లు అడగరు. బొటనవేళ్ల దగ్గర బూటును రెండు చేతులా వంచి, సందు తెరుచుకుంటే తిరిగి ఇచ్చేస్తారు. నాకు తెలిసినంతలో ఇంతకంటే కఠినమైన పరీక్ష మరొకటి లేదు.

ఆంబూరు_వాసి

శీను గారు చెప్పిన తెల్లని పొరను నేను చాలాసార్లు చూశాను. అచ్చులో ఒత్తిన ఈవీఏ ముక్కకు లోపల అంతా బుడగల నురుగే ఉన్నా, అచ్చు గోడకు తగిలిన చోట పాల మీద మీగడలా ఒక దట్టమైన పైపొర ఏర్పడుతుంది. జిగురు ఆ పైపొరకు చక్కగా పట్టుకుంటుంది. కానీ లాగినప్పుడు పైపొరే తన కింది నురుగు నుంచి విడిపోతుంది. తోలు వైపు కూడా ఇలాంటి చిక్కే ఉంది. నున్నని గ్రెయిన్ పొరను రఫింగ్ చక్రంతో తీసివేసి, లోపలి నారలు పైకి లేచేలా చేయకుండా జిగురు రాస్తే, జిగురు బాగానే ఉంటుంది గానీ గ్రెయిన్ ఒలిచినట్లు లేచి వస్తుంది. మీ అప్పర్ వైపు జిగురు చెక్కుచెదరకుండా ఉన్నదంటే రఫింగ్ సరిగానే జరిగిందని అర్థం. ఇక మిడ్‌సోల్ బఫింగ్, అంటే దాని పైపొరను గరుకు చక్రంతో అరగదీయడం, ఎలా చేస్తున్నారో చూడాలి.

పరీక్షల_పంతులు

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయవలసి ఉంది. గోటితో గీస్తే రాలే పొడిని చూపించి సోల్ చిరిగిందని వాదించడం నాకు సమ్మతం కాదు. జిగురు తన పని తాను పూర్తిగా చేసిన తరువాత సోల్ పదార్థమే ముందుగా తెగిపోతే, అతుకు అసలు బలం ఎంతో కొలవడం సాధ్యం కాదు. అలాంటప్పుడు అతుకును తప్పుపట్టడం న్యాయం కాదన్న ఆలోచనతోనే 3.0 మినహాయింపును ఉంచారు. పైపొర వెంట్రుక మందాన లేచి రావడం అలాంటిది కాదు. అది అతికించడానికి ముందు తీసివేయవలసిన బలహీనమైన పొర. దానిని తీసివేయకపోవడం తయారీలోని లోపం. నేను ఆ ల్యాబ్‌లో ఉండి ఉంటే ఆ గడిలో ఉపరితల వైఫల్యం అని రాసి, ఫెయిల్ అనే ఇచ్చేవాడిని. ఏమీ రాయకుండా అడ్డగీత పెట్టడం మాత్రం ఆ ల్యాబ్ తప్పే.

జిగురు_జానకి

పంతులు గారితో సగం ఏకీభవిస్తాను. ఆ పొర మందం ఎంత అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. పైపొర మాత్రమే లేచి వచ్చినదా, లేక దాని కింద ఉన్న బుడగలు కూడా తెగి వచ్చాయా? పదింతల భూతద్దం కింద పెడితే, తెగిన బుడగల గోడలు తేనెపట్టు గదుల్లా స్పష్టంగా కనిపిస్తాయి. గదులు కనిపిస్తే నురుగు చిరిగినట్లే, అది సోల్ పదార్థమే. కనిపించకపోతే మీరన్నదే సరి.

ఇంకొక అనుమానం కూడా ఉంది. ఆ తెల్లని పొర ఈవీఏనే అని ఎవరూ తేల్చలేదు. అది జిగురుకు ముందు పూసే ప్రైమర్ ఎండిపోయినది కావచ్చు, ముక్క అచ్చుకు అంటుకోకుండా వాడే రిలీజ్ పూత కూడా కావచ్చు. దగ్గరలో ఏ కళాశాలలోనైనా ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోమీటర్ ఉంటే ఆ ఉపరితలాన్ని ఒకసారి చూపించండి. పాలీయురేథేన్ జిగురు అయితే గ్రాఫ్‌లో తరంగసంఖ్య (సెం.మీ.కు ఎన్ని తరంగాలో చెప్పే అంకె) 3330 దగ్గరా, 1530 దగ్గరా శిఖరాలు కనిపిస్తాయి. ఈవీఏకు 1740 దగ్గర ఎస్టర్ శిఖరం ఉంటుంది గానీ ఆ రెండూ ఉండవు. సిలికోన్ రిలీజ్ అయితే 1000 నుంచి 1100 మధ్య వెడల్పైన పట్టీ వస్తుంది కనుక దాచినా దాగదు.

లెక్కల_మాస్టారు

వైఫల్యపు తీరు గురించి చెప్పినవన్నీ సరైనవే. అయితే అసలు ఆ అంకె దేనిని కొలుస్తున్నదో కూడా కొంచెం చూడాలి. పీల్ పరీక్షలో, అంటే అతుకును ఒలిచినట్లు లాగి విడదీసే పరీక్షలో, వచ్చే బలాన్ని వెడల్పుతో భాగించి, దానిని 1 నుంచి కోణపు కొసైన్‌ను తీసివేయగా వచ్చిన విలువతో గుణిస్తే, ఒక చదరపు మీటరు అతుకును విడదీయడానికి ఖర్చయిన శక్తి వస్తుంది. ఇది 1944లో శాస్త్రవేత్త రివ్లిన్ చూపిన సంబంధం. లాగే పట్టీ సాగదని అనుకున్నప్పుడే ఇది సరిగ్గా వర్తిస్తుంది. సాగే పట్టీలకు అవసరమైన పదాన్ని 1975లో కెండాల్ చేర్చారు. దీని ప్రకారం, శక్తి మారకపోయినా, 180 డిగ్రీల కోణంలో లాగితే 90 డిగ్రీల్లో కావలసిన బలంలో సగమే చాలు. రెండు పట్టీలనూ చెరొక వైపు లాగే టీ ఆకారపు పరీక్షలో 4 న్యూటన్/మి.మీ. వచ్చిందంటే, చదరపు మీటరుకు సుమారు 8000 జౌళ్లు ఖర్చయినట్లు.

అయితే రెండు ఉపరితలాల మధ్య అణువుల స్థాయిలో ఉండే వాండర్ వాల్స్ ఆకర్షణను తెంచడానికి కావలసిన శక్తి చదరపు మీటరుకు ఒక జౌలులో పదో వంతు కూడా మించదు. మిగిలిన వేల జౌళ్లు ఎక్కడికి పోయాయి? జిగురు సాగడంలోనూ, నురుగు నలగడంలోనూ, తోలు వంగి తిరిగి సాఫు కావడంలోనూ వేడిగా మారిపోయాయి. అందువల్ల పీల్ బలం అనేది జిగురుకు మాత్రమే చెందిన గుణం కాదు. జిగురు, తోలు మందం, సోల్ మెత్తదనం, కోణం, వేగం అన్నీ కలిసిన మొత్తం వ్యవస్థ ఇచ్చే సమాధానం అది. 2 మి.మీ. తోలుతో వచ్చిన అంకెను 1.4 మి.మీ. తోలుతో వచ్చిన దానితో పోల్చి, ఈ జిగురు మంచిది, ఆ జిగురు చెడ్డది అనడానికి వీల్లేదు. శీను గారి కుడి, ఎడమ బూట్ల తోలు మందాన్ని కొలిచి చూశారా?

చెప్పుల_కొట్టు

వంచి చూడడానికి పెట్టిన ఖర్చు కూడా వేడిగానే మారుతుందా మాస్టారూ? మా కొట్టులో ఆ వేడి ఎక్కువగా మాటల్లోకి మారుతూ ఉంటుంది.

పొరల_ప్రసాద్

నేను ప్యాకింగ్ ఫిల్ములు, లేబుళ్ల వైపు పనిచేస్తాను. మాకు ఈ గొడవ ప్రతి నెలా వస్తూనే ఉంటుంది. మాస్టారు గారు చెప్పిన కారణాల వల్లనే మా రంగంలో పరీక్షా నియమాలన్నీ ముందుగానే బిగించి పెట్టారు. అంటుకునే టేపులకు వాడే, లేబుల్ పరిశ్రమ సంఘమైన ఫినాట్ వారి మొదటి పద్ధతిలో 25 మి.మీ. పట్టీని 2 కిలోల రోలర్‌తో నొక్కి, 20 నిమిషాల తరువాత ఒకసారి, 24 గంటల తరువాత మరొకసారి, నిమిషానికి 300 మి.మీ. వేగంతో 180 డిగ్రీల్లో లాగాలి. వీటిలో ఏ ఒక్కటి మార్చినా అంకె మారుతుంది. ఒకే టేపు 20 నిమిషాలకు ఒక విలువను, ఒక రోజు తరువాత మరింత ఎక్కువ విలువను ఇవ్వడం మాకు మామూలే.

శీను గారిని అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. మీ యంత్రం ముద్రించే 4.8 గరిష్ఠ విలువా, సగటు విలువా? లాగడం మొదలైన క్షణంలో గ్రాఫ్‌లో ఒక శిఖరం వస్తుంది, తరువాతే అది స్థిరపడుతుంది. టీ పీల్ పద్ధతికి అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం ఇచ్చిన డీ 1876లో ఆ మొదటి శిఖరాన్ని వదిలేసి, ఆ తరువాత కనీసం 127 మి.మీ. పొడవు మీద సగటు తీస్తారు. బూటు నుంచి కోసిన ముక్కలో మీకు అంత పొడవు ఎక్కడ దొరుకుతుంది? లాస్టింగ్ మడత (అప్పర్ అంచును సోల్ కిందికి మడిచిన భాగం) కింద అతుకు వెడల్పు బహుశా ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంటుంది. శిఖరం దాటి కాస్త నిలదొక్కుకునే లోపే ముక్క అయిపోతుంది. అలాంటి పొట్టి గ్రాఫ్‌లో శిఖరం తీసుకున్నవారికీ, సగటు తీసుకున్నవారికీ మధ్య ఒకటిన్నర న్యూటన్ల తేడా రావడంలో వింత ఏమీ లేదు.

తడ_శీను

ప్రసాద్ గారి ప్రశ్న చూసి సాఫ్ట్‌వేర్ తెరిచాము. మా పద్ధతి ఫైల్‌లో గరిష్ఠ విలువనే ఎంచుకుని ఉన్నారు. యంత్రాన్ని అమర్చినప్పటి నుంచీ అలాగే ఉన్నదని మా ఆపరేటర్ అంటున్నారు. పాత గ్రాఫ్‌ను తిరిగి లెక్కించగా, మొదటి శిఖరం 4.8 వద్ద ఉన్నా, ఆ తరువాతి భాగం సగటు 3.6కు వచ్చింది. తోలు మందంలో తేడా పెద్దగా లేదు, రెండు బూట్లూ 1.9, 2.0 మధ్యనే ఉన్నాయి. అంటే ఇప్పుడు మా అంకె కూడా 4.0 కిందకే దిగింది. మీ సహాయానికి కృతజ్ఞతలు చెప్పాలో, ఈ ప్రశ్న ఎందుకు అడిగానా అని బాధపడాలో తెలియడం లేదు.

పరీక్షల_పంతులు

ప్రమాణం కోరేది సగటు బలాన్ని సగటు వెడల్పుతో భాగించగా వచ్చిన విలువనే. ఇక వెడల్పు సంగతి కూడా చూడండి. 25 మి.మీ. అని రాసుకుని, చేతికత్తితో కోసిన ముక్క ఒక చివర 26, మరొక చివర 23 ఉండడం నేను చూశాను. డై (అచ్చు కత్తి) పెట్టి ప్రెస్‌తో కోయండి. కోసిన తరువాత మూడు చోట్ల కొలవండి. ఆ కొలతలను రిపోర్టులోనే రాయండి.

రబ్బరు_రామం

3.6కూ 3.1కీ మధ్య మిగిలిన తేడా గురించి చెబుతాను. మొదటిది, ముక్కను ఎక్కడి నుంచి కోశారన్నది. ముందరి వేళ్ల దగ్గర, పాదం మధ్యలోని సన్నని భాగం దగ్గర, మడమ దగ్గర ప్రెస్ ఒత్తిడి ఒకేలా పడదు. మధ్య భాగంలో సోల్ పైకి వంపు తిరిగి ఉండడం వల్ల ప్యాడ్ అక్కడ సరిగా నొక్కదు, అక్కడి నుంచి కోసిన ముక్క ఎప్పుడూ తక్కువ చూపుతుంది. రెండవది, వేగం. మా ల్యాబ్‌లో నిమిషానికి 100 మి.మీ. వేగంతో లాగుతాము. వేగం పెంచితే పాలీయురేథేన్ జిగురు గట్టిగా ప్రవర్తించి అంకె పెరుగుతుంది. ఉష్ణోగ్రత పెరిగితే తగ్గుతుంది. 23 డిగ్రీల గదిలో లాగిన ముక్కకూ, ఏసీ ఆపిన మధ్యాహ్నం 34 డిగ్రీల గదిలో లాగిన ముక్కకూ తేడా కనబడి తీరుతుంది.

మూడవది, అతికించిన తరువాత ఎంతకాలం ఆగారన్నది. ఐసోసయనేట్ హార్డెనర్ (గట్టిపరిచే రసాయనం) కలిపిన జిగురు ప్రెస్ నుంచి బయటికి వచ్చిన వెంటనే స్ఫటికీకరణ వల్ల పట్టు ఇస్తుంది. రసాయనిక బంధాలు పూర్తిగా ఏర్పడడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మీరు ఎన్ని రోజుల తరువాత లాగారో, వారు ఎన్ని రోజుల తరువాత లాగారో తేదీలు చూడండి.

తడ_శీను

రామం గారూ, వారి ముక్క పాదం మధ్య భాగం నుంచి, మా ముక్క వేళ్ల దగ్గర నుంచి తీసినవి. తేదీల వల్ల వచ్చిన తేడా లేదు, రెండు బూట్లూ వారం దాటిన తరువాతే లాగినవి.

రెక్కల_బండి

నేను బెంగళూరులో విమాన భాగాల అతుకుల మీద పనిచేస్తున్నాను. ఈ చర్చలో అందరూ తాజా అతుకు గురించే మాట్లాడుతున్నారన్నది నా అభ్యంతరం. కొత్తగా ఉన్నప్పుడు గొప్ప అంకె ఇచ్చిన అతుకు, తేమ తగిలిన తరువాత చేతితో లాగితే వచ్చేస్తుంది. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా సంస్థ బోయింగ్ 737 విమానం గాలిలో ఉండగా పైకప్పు భాగం కొట్టుకుపోయి, విమాన సిబ్బందిలో ఒకరు ప్రాణాలు కోల్పోయారు. పాత 737 విమానాల్లో రేకుల అతుకులకు గది ఉష్ణోగ్రత వద్దే గట్టిపడే ఎపాక్సీ జిగురు పట్టించిన గుడ్డను వాడారు. కాలక్రమంలో తేమ, తుప్పు కలిసి ఆ అతుకులను విడదీయగా, భారమంతా రివెట్ల మీద పడి, రివెట్ రంధ్రాల దగ్గర అలసట పగుళ్లు వ్యాపించాయి. దర్యాప్తులో తేలింది ఇదే.

మా రంగంలో ఉపరితలం సిద్ధం చేసిన తీరును పరీక్షించడానికి పీల్ కంటే వెడ్జ్ పరీక్షను ఎక్కువగా నమ్ముతారు. అతికించిన రెండు అల్యూమినియం పలకల మధ్య ఒక చీలను దిగగొట్టి, వేడి, తేమ ఉన్న గదిలో ఉంచి, పగులు ఎంత ముందుకు సాగిందో కొలుస్తారు. లాగే బలం ఎక్కడా కనబడదు, అయినా అతుకు ఆయుష్షు గురించి అది చెప్పినంతగా మరే పరీక్షా చెప్పదు. పీల్ పరీక్షను మేమూ చేస్తాము. దొర్లే రోలర్ల మీద నిమిషానికి 152 మి.మీ. వేగంతో లాగే ఏఎస్‌టీఎం డీ 3167 పద్ధతి మాకు రోజూ ఉండేదే. కానీ దానిని లాట్ నుంచి లాట్‌కు పోల్చడానికే వాడతాము. డిజైన్ లెక్కల్లో ఆ అంకెను ఎవరూ పెట్టరు.

పరీక్షల_పంతులు

బూటును 24,000 అడుగుల ఎత్తులో ఎవరూ వాడరు. ప్రమాణం పీల్ అడుగుతున్నప్పుడు వెడ్జ్ ఫలితం చూపిస్తే కొనుగోలుదారు ఒప్పుకోడు.

జిగురు_జానకి

ఎత్తు లేకపోయినా తేమ ఉంది కదా పంతులు గారూ. తడ నుంచి విశాఖ వరకు తీరం వెంట ఉన్న గోదాముల్లో ఉండేదంతా తేమే. పాలియెస్టర్ ఆధారిత పాలీయురేథేన్ నీటి వల్ల నెమ్మదిగా తెగిపోతుంది, దానినే జలవిశ్లేషణ అంటారు. పెట్టెలోనే పడి ఉన్న బూట్ల సోల్ రెండేళ్ల తరువాత పిండిలా రాలిపోవడం చాలామంది చూసే ఉంటారు. అందుకే మా కస్టమర్లలో కొందరు ముక్కలను 70 డిగ్రీలు, 95 శాతం తేమలో ఒక వారం ఉంచి, ఆ తరువాతే పీల్ చేయమంటారు. తాజాగా 5 ఇచ్చి వారం తరువాత 2 ఇచ్చే అతుకు కంటే, తాజాగా 4.2 ఇచ్చి వారం తరువాత 3.9 ఇచ్చే అతుకునే నేను ఎంచుకుంటాను.

వేడి కూడా ఉంది. హార్డెనర్ కలపని జిగురు 50, 60 డిగ్రీల మధ్య మెత్తబడుతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఆ వేడి సులభంగా వస్తుంది. 23 డిగ్రీల పీల్ అంకె ఆ విషయం చెప్పదు. ముక్కకు బరువు వేలాడదీసి 60 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, ఎంత దూరం జారిందో చూస్తే తెలుస్తుంది.

చెప్పుల_కొట్టు

డిక్కీ మాట పూర్తిగా నిజం. ఇంకొక విషయం కూడా చెబుతాను, ఇది మీ శాస్త్రంలో ఎక్కడ ఇముడుతుందో మీరే చూడండి. పీవీసీ సోల్‌కు మామూలు సొల్యూషన్ పెట్టి అతికిస్తే ఆ రోజు రాయిలా ఉంటుంది. కొన్ని నెలలకు జిగురు జిడ్డుగా, మెత్తగా మారి సోల్ దానంతట అదే వచ్చేస్తుంది. అతికించిన మా పనివాడిదే తప్పని చాలాకాలం అందరూ అతన్నే కోప్పడ్డారు.

రబ్బరు_రామం

మీ పనివాడి తప్పేమీ లేదు. పీవీసీని మెత్తబరచడానికి కలిపిన ప్లాస్టిసైజర్ నూనె మెల్లగా జిగురులోకి వలసపోయి దానిని కరిగించివేస్తుంది. మీరు సొల్యూషన్ అంటున్నది పాలీక్లోరోప్రీన్ అనే రబ్బరు జిగురు, అది ఆ నూనెకు తట్టుకోలేదు. పీవీసీకి పాలీయురేథేన్ జిగురు వాడాలి. అతికించిన రోజు పీల్ చేస్తే రెండూ దాదాపు ఒకే అంకె ఇస్తాయి. రెక్కల బండి గారి వాదనకు మీ కొట్టే మంచి సాక్ష్యం.

తడ_శీను

కొంత సమాచారం వచ్చింది. ఒక కళాశాలలో స్పెక్ట్రోమీటర్ కింద ఆ తెల్లని పొరను చూపించాము. 1740 దగ్గర శిఖరం స్పష్టంగా ఉంది, 1530 దగ్గర ఏమీ లేదు, సిలికోన్ ఆనవాలు కూడా లేదు. అంటే అది ఈవీఏనే. భూతద్దం కింద మాత్రం సమాధానం రెండు ముక్కలుగా వచ్చింది. వేళ్ల దగ్గరి ముక్కలో జానకి గారు చెప్పిన తెగిన గదులు సగానికి పైగా వైశాల్యంలో కనిపిస్తున్నాయి. మధ్య భాగపు ముక్కలో గదులు దాదాపు లేవు, పైపొర మాత్రమే లేచి వచ్చింది.

ఈ ఫోటోలను ఆ ల్యాబ్‌కు పంపగా, మా ప్రతినిధి సమక్షంలో మళ్లీ పరీక్షించడానికి ఒప్పుకున్నారు. ఈసారి వేళ్ల దగ్గర 3.7 వచ్చి, సోల్ చిరిగిందని రాశారు. మధ్య భాగంలో 3.2 వచ్చి, ఉపరితల వైఫల్యం అని రాశారు. కొనుగోలుదారు ఇంకా ఏ నిర్ణయమూ చెప్పలేదు.

పరీక్షల_పంతులు

ల్యాబ్ ఇప్పుడు చేసినది సరైన పని. మధ్య భాగం విషయంలో నా అభిప్రాయం మారలేదు, అది ఫెయిలే.

ఆంబూరు_వాసి

కొనుగోలుదారు ఏమన్నా, తరువాతి లాట్‌కు ఇలా చేయండి. మిడ్‌సోల్ బఫింగ్‌ను చేతి అంచనాకు వదలకుండా, పైపొర పూర్తిగా పోయి నురుగు మెరుపు లేకుండా కనిపించే వరకు చేయించండి. మధ్య భాగంలోని వంపులోకి చదునైన బఫింగ్ చక్రం అందదు. అక్కడికి చిన్న చక్రం వాడాలి. మీ ముక్కల్లో మధ్య భాగమే బలహీనంగా ఉండడానికి ప్రెస్ ఒత్తిడితో పాటు ఇదీ కారణమే అని నా అనుమానం. బఫింగ్ ధూళిని గాలితో ఊదివేసిన తరువాత ఈవీఏకు తగిన ప్రైమర్ పూసి, దాన్ని పూర్తిగా ఆరనివ్వండి. అల్ట్రావయొలెట్ ప్రైమర్ అయితే దీపం కింద అంతటా వెలుతురు పడుతున్నదో లేదో చూడండి, వంపు నీడలో ఉండిపోతే అక్కడ ప్రైమర్ ఉన్నా లేనట్లే. కొందరు బఫింగ్ మానేసి ప్రైమర్ మీదే ఆధారపడతారు, నేను మాత్రం సేఫ్టీ బూట్ల విషయంలో అలా చేయను.

జిగురు_జానకి

చివరి వాక్యంతో ఏకీభవించను. మంచి ప్రైమర్ ఉంటే బఫింగ్ లేకుండానే నురుగు చిరిగేంత పట్టు వస్తుంది, చాలా స్పోర్ట్స్ షూ కర్మాగారాల్లో జరుగుతున్నది అదే. బఫింగ్ అతిగా చేస్తే సోల్ అంచు పలుచబడి, గీత బయటికి కనబడుతుంది. శీను గారు రెండు విధాలుగానూ కొన్ని జతలు చేసి, మధ్య భాగం ముక్కలనే లాగి చూడడం మేలు.

తడ_శీను

రెండూ చేయిస్తాము. ఒక చిన్న ఇబ్బంది ఉంది. సగటు తీయడం మొదలుపెట్టాక, మధ్య భాగపు ముక్కలను లాగేటప్పుడు ఈవీఏ చివర గ్రిప్‌లో నుంచి మెల్లగా జారుతున్నది. గ్రాఫ్‌లో బలం పడిపోయి మళ్లీ లేవడం అతుకు వల్లనా, గ్రిప్ వల్లనా తెలియడం లేదు. గ్రిప్‌ను మరింత బిగిస్తే ఈవీఏ నలిగి అక్కడే తెగుతున్నది.

పొరల_ప్రసాద్

ముక్క మీద గ్రిప్ అంచు దగ్గర పెన్నుతో ఒక గీత గీయండి. లాగిన తరువాత ఆ గీత గ్రిప్ బయటికి వచ్చి ఉంటే అది జారడమే, ఆ గ్రాఫ్‌ను పారేయండి.

రబ్బరు_రామం

పళ్లున్న గ్రిప్‌లు తీసేసి, రబ్బరు పూత ఉన్నవి పెట్టండి. గాలి పీడనంతో పనిచేసే గ్రిప్‌లు ఉంటే ఇంకా మంచిది, ముక్క పలుచబడినకొద్దీ అవే బిగుసుకుంటాయి. అవి లేకపోతే ఈవీఏ చివరకు రెండు వైపులా ముతక ఎమెరీ కాగితం మడిచి, గరుకు వైపు ఈవీఏకు తగిలేలా గ్రిప్‌లో పెట్టండి. మా దగ్గర కొత్త గ్రిప్‌లు వచ్చే వరకు అలాగే నడిపించాము.